అడక్కుండా వేసిన బొమ్మ

1900 ప్రాంతంలో అమెరికాలోని రోచెస్టర్ ఊళ్లో కిరాణా కొట్లలో, గోదాముల్లో, బార్లలో ఒక పోస్టర్ కనిపించేది. పక్కకు తిరిగిన ఓ అమ్మాయి ముఖం, దాంతోపాటు గోధుమపిండి ప్రకటన, కింద ఫ్రాంక్లిన్ మిల్స్ పేరు. అలాంటివి 25,000 దాకా అచ్చేశారు. ఆ ముఖం అబిగైల్ రాబర్సన్‌ది. వేసుకోమంటావా అని ఆమెను అడిగినవాళ్లు లేరు. తెలిసినవాళ్లు గుర్తుపట్టి ఎగతాళి చేయడంతో మంచం పట్టింది. పోస్టర్లు ఆపించాలని, 15,000 డాలర్ల పరిహారం ఇప్పించాలని కోర్టుకెక్కింది.

కింది కోర్టులు ఆమె వైపే మొగ్గాయి. 1902లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మాత్రం నలుగురు ఇటు, ముగ్గురు అటుగా చీలి కేసు కొట్టేసింది. అలాంటి హక్కు ఇంతవరకు లేదని, ఒప్పుకుంటే దావాలకు అంతుండదని ప్రధాన న్యాయమూర్తి ఆల్టన్ పార్కర్ తీర్పు రాశారు. తన అందాన్ని మెచ్చి వేశారని మురిసిపోయేవాళ్లూ ఉంటారన్న ధోరణి కూడా అందులో ఉంది. అవమానంతో కుంగిపోయిన పిల్లతో అనవలసిన మాటేనా అది?

జనం ఊరుకోలేదు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది: రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి పేరూ, బొమ్మా వ్యాపారానికి వాడకూడదు. 1904లో పార్కర్ అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఫొటోగ్రాఫర్లు తననూ ఇంటివాళ్లనూ వెంటాడుతున్నారని ఆయనే మొరపెట్టుకున్నారు. రాబర్సన్ పత్రికకు బహిరంగ లేఖ రాసింది. మీరు కోరుతున్న హక్కు లేదని తేల్చింది మీరే కదా అని నిలదీసింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

చట్టం గీత గీసింది వ్యాపారం దగ్గర. వీధిలో నడిచే మనిషి మాటేమిటి? ఫొటోగ్రాఫర్ ఫిలిప్ లోర్కా డికోర్షియా న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో పైన ఫ్లాష్ లైట్లు బిగించి, దూరం నుంచి దారినపోయేవారి ముఖాలు తీశారు. 2001లో వాటిని ప్రదర్శించారు. అందులో తన ముఖం ఉండటం తన మతవిశ్వాసానికే విరుద్ధమని ఒక వృద్ధుడు దావా వేశారు. ప్రింటు 20,000 డాలర్ల పైనే అమ్ముడుపోయినా అది కళే, వ్యాపారం కాదని 2006లో కోర్టు తేల్చింది. నాకది మింగుడుపడదు. పిండి అమ్ముకోవడానికి ముఖం వాడితే తప్పు, ముఖాన్నే అమ్ముకుంటే తప్పు కాదా? 2007లో పై కోర్టు ఆ ప్రశ్న జోలికే పోలేదు. ఫొటో బయటికొచ్చిన ఏడాదిలోగా రావలసింది, గడువు దాటిందన్నది. తన ముఖం గ్యాలరీ గోడకెక్కిన సంగతి ఆయనకు తెలిసిందే 2005లో.