రాగిబిళ్ల మీది రాజు, దాని వెనక జనం

చరిత్ర రాయడానికి మనవాళ్లు ముందు శాసనాలు వెతుకుతారు. అవి దొరక్కపోతే పురాణాల్లోని వంశావళుల్ని ఆశ్రయిస్తారు. శాసనం వేయించుకోవాలంటే దానం చేసే స్తోమత కావాలి, ఆ దానాన్ని పొగిడే పండితుడు కావాలి. పురాణంలోకి ఎక్కాలంటే దాన్ని రాసేవాళ్ల కటాక్షం కావాలి. ఈ రెండూ దక్కని రాజ్యాల మాటేమిటి? అవి ఉన్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్నకు తెలుగు నేల మీద స్పష్టమైన జవాబు ఇచ్చినవి కోటిలింగాల నాణేలు.

కోటిలింగాల గోదావరి కుడి ఒడ్డున, పెద్దవాగు నదిలో కలిసే చోట ఉంది. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరు 2016 నుంచి జగిత్యాల జిల్లాలో ఉంది. అక్కడి పాతవూరి దిబ్బ మీద వాన కడిగినప్పుడల్లా పైకి తేలే రాగిబిళ్లల్ని ఓపికగా ఏరి దాచి, పండితుల దృష్టికి తెచ్చినవారు సంగనభట్ల నరహరిశర్మ. వాటి మీది బ్రాహ్మీ అక్షరాల్ని పరిశీలించి 1970లలో చరిత్రలోకి తెచ్చినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. ఆ తర్వాతే వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఈ వరుసను గుర్తుంచుకోవాలి. శాఖ కంటే ముందు మనిషి కదిలాడు. పార కంటే ముందు కన్ను పనిచేసింది.

ఆ బిళ్లల మీద ఏముంది? ‘రఞో గోభదస’ అని ప్రాకృతంలో ఆరు అక్షరాలు. ‘గోభద్ర రాజుది’ అని అర్థం. అదే పద్ధతిలో నారన, కంవాయ, సమగోప అనే పేర్లు కనిపిస్తాయి. ఏ పురాణ వంశావళీ వీళ్లను లెక్కలోకి తీసుకోలేదు. ఎంతకాలం ఏలారో, ఎవరి తర్వాత ఎవరో చెప్పే కథనం లేదు. ఈ రాగిముక్కలే లేకపోతే శాతవాహనులకు ముందు ఇక్కడ నాణెం వేయించగల రాజ్యం ఒకటి నడిచిందని చెప్పడానికి మనకు ఆధారమే ఉండేది కాదు. ఇదే చోట చిముక శాతవాహనుడి నాణేలు కూడా దొరికాయి. పురాణాల్లో రూపం మారిన పేరుగా, నానేఘాట్ గుహలో చెక్కిన పేరుగా మాత్రమే తెలిసిన మనిషి అలా లోహరూపంలో మన చేతికి వచ్చాడు.

దీంతో శాతవాహనుల పుట్టిల్లు మాదంటే మాదని ప్రాంతాభిమానులు తీర్పులు చెప్పడం మొదలుపెట్టారు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. నాణెం కాళ్లున్న సాక్షి. వర్తకుడి మూటలో, సైనికుడి జీతంలో అది ఎంత దూరమైనా నడుస్తుంది. ఒకే చోట వరుసగా పలువురు రాజుల నాణేలు దొరికితే ఆ చోటికి ప్రాధాన్యం ఉందనవచ్చు. అంతకుమించి అనాలంటే తక్కిన ఆధారాలూ కలిసిరావాలి. ఆధారాన్ని మించి పలికే అభిమానం చరిత్రకు మేలు చేయదు.

అసలు రాజు పేరు దగ్గరే ఆగిపోవడం మన చరిత్రరచనకు పాత జబ్బు. విద్ధాంక నాణేలను తూకం వేసి, చేతులు మారేకొద్దీ అవి అరిగి బరువు తగ్గిన తీరును బట్టి వాటి కాలక్రమాన్ని గుర్తించవచ్చని డి.డి. కోశాంబి చూపించాడు. ఆ అరుగుదల ఎవరిది? సంతలో బేరమాడిన చేతులది. రాగినాణెం రాజులు కానుకలిచ్చే సరుకు కాదు, చిల్లర అవసరాల కోసం పుట్టింది. ఆ అవసరం కలగాలంటే ఊళ్లో మిగులు పంట ఉండాలి, వృత్తులు విడివడాలి, అమ్మకం కొనుగోలు పెరగాలి. అంటే గోభద్రుడి బిళ్ల వెనక రైతు, కమ్మరి, కుమ్మరి, పడవవాడు నిలబడి ఉన్నారు. అదే పాత కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరులో వేల సంఖ్యలో దొరికిన శాతవాహన నాణేలు చెప్పే కథ కూడా ఇదే.

అందువల్లే నాణేల సేకరణను కాలక్షేపపు సరదాగా చూడలేం. ఏ పొరలో, ఏ కుండపెంకు పక్కన దొరికిందో తెలియని నాణెం సగం సాక్ష్యం పోగొట్టుకున్నట్టే. సేకరించేవాడు ఆ వివరం రాసిపెడితే చరిత్రకు సేవ చేసినవాడు. దాన్ని సరుకుగా మార్చి అమ్మేవాడు ఆ మేరకు చరిత్రను చెరిపేసినవాడు. నిక్షేపాల చట్టం 1878లోనే వచ్చింది, పురావస్తువుల చట్టం 1972లో వచ్చింది. కానీ దిబ్బ దున్నే రైతుకు చట్టమంటే పోలీసు భయమే తప్ప, తన చేతిలోది విలువైన సాక్ష్యమని చెప్పినవాళ్లు తక్కువ. భయపడినవాడు దాచేస్తాడు, లేదా కరిగిస్తాడు. పైగా ఎల్లంపల్లి ప్రాజెక్టుతో కోటిలింగాల ముంపు పరిధిలోకి వచ్చింది. నీళ్లు కావలసిందే. అయితే మునిగే నేలను మునగకముందే పూర్తిగా చదువుకోవడం కూడా ప్రజల హక్కే.

రచయితలకు ఇందులో పని ఉంది. శాతవాహన కాలం మీద ‘హిమబిందు’, ఇక్ష్వాకుల మీద ‘అడవి శాంతిశ్రీ’ వంటి నవలలు అడివి బాపిరాజు రాశాడు. అవి వచ్చేనాటికి కోటిలింగాల నాణేలు వెలుగు చూడలేదు. ఇప్పుడు చూశాయి. ఇకనైనా చారిత్రక నవల అంతఃపురం గడప దాటి సంతలోకి రావాలి. సాహిత్య విద్యార్థి తన ఊరి పాటిదిబ్బను ఒకసారి నడిచి చూడాలి, ఊరి పెద్దల్ని అడిగి రాసుకోవాలి. గోభద్రుడి పేరు బిళ్ల మీద మిగిలింది. ఆ బిళ్లను అరగదీసిన వేళ్లకు మాత్రం పేర్లు లేవు. ఆ వేళ్లు ఎవరివో, ఏ పని చేసి ఆ బిళ్లను సంపాదించాయో ఆధారాలతో వెతికి చెప్పడం మనమంతా చేయవలసిన పని.