కర్బన సౌర ఘటాల్లో ఆవేశ వాహకాలు

కర్బన అణువులు లేదా పాలిమర్లతో చేసిన పలుచని పొర ద్వారా కాంతిని విద్యుత్తుగా మార్చే పరికరం కర్బన సౌర ఘటం. సిలికాన్‌లో కాంతి పడితే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ అయిన హోల్ దాదాపు స్వేచ్ఛగా విడిపోతాయి. కర్బన పదార్థాల రోధక స్థిరాంకం 3–4 మాత్రమే కావడంతో అవి ఎక్సిటాన్ అనే జంటగా ముడిపడి ఉంటాయి. బంధశక్తి సాధారణంగా 0.3–0.5 ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి సుమారు 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. అందుకే జంటను విడదీయడానికి ఎలక్ట్రాన్‌ను ఇచ్చే దాత, తీసుకొనే గ్రాహకం రెండూ కావాలి.

1986లో శాస్త్రవేత్త చింగ్ టాంగ్ ఈ రెంటినీ పొరలుగా పేర్చి సుమారు 1 శాతం సామర్థ్యం సాధించాడు. అయితే ఎక్సిటాన్ దాదాపు 10 నానోమీటర్లు కదిలేలోపే నశిస్తుంది. కానీ కాంతిని తగినంత శోషించడానికి సుమారు 100 నానోమీటర్ల మందం అవసరం. 1995లో దాత, గ్రాహకాలను కలగలిపిన మిశ్రమ పొర, రెంటి సరిహద్దు ఎక్సిటాన్‌కు దగ్గర్లోనే ఉండేలా చేసి ఈ చిక్కు విప్పింది. ఈ రంగంలో అసలు మలుపు ఇదే.

అయినా ఆవేశ వాహకాలైన ఎలక్ట్రాన్లు, హోల్‌లు అన్నీ విద్యుత్తుగా బయటికి రావు. ఒకే ఎక్సిటాన్ నుంచి పుట్టిన జంట సరిహద్దు వద్దే తిరిగి కలిసిపోతే అది జెమినేట్ పునఃసంయోగం. వేర్వేరు జంటల వాహకాలు దారిలో తారసపడి కలిస్తే ద్విఅణుక పునఃసంయోగం. కాంతి తీవ్రత పెరిగేకొద్దీ ఈ నష్టం ఎక్కువవుతుంది. మరికొన్ని వాహకాలు పదార్థంలోని లోపాల వద్ద చిక్కుకొని పోతాయి. ఈ నష్టాలున్నా, 2019లో వచ్చిన వై6 అనే గ్రాహకంతో సామర్థ్యం 15 శాతం దాటింది.