కూతవేటు దూరం నుంచి డెసిబెల్ దాకా

పల్నాటి సీమలోని వినుకొండకు ఆ పేరు రావడానికి స్థలపురాణం చెప్పే కారణం వినికిడే. సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఇక్కడ విన్నందువల్ల విన్నకొండ వినుకొండ అయిందని జనశ్రుతి. ఇది చరిత్రకు అందని గాథే అయినా, ధ్వనిని పలికిన చోటుతో గాక విన్న చోటుతో గుర్తుంచుకోవడం ఇందులో విశేషం. పొలంలోని మనిషి వేసిన కూత అవతలివారికి వినబడేటంత మేరను 'కూతవేటు దూరం' అనడంలోనూ వినేవాడే కొలబద్ద. పైకి దూరాన్ని చెప్పే ఆ మాటలో గొంతు బలం, గాలివాటు, పరిసరాల సద్దు అన్నీ ఇమిడి ఉన్నాయి.

శబ్దానికి అంకెల కొలత టెలిఫోను పరిశ్రమ నుంచి వచ్చింది. తీగలలో సంకేతం ఎంత క్షీణిస్తున్నదో లెక్కగట్టడానికి అమెరికాలోని బెల్ సంస్థ ఇంజనీర్లు 1920లలో రూపొందించిన ప్రమాణానికి, 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు మీదుగా డెసిబెల్ అనే పేరు స్థిరపడింది. చెవికి అందే కనిష్ఠ ధ్వని పీడనంగా ఎంచుకున్న 20 మైక్రోపాస్కళ్లను సున్నాగా తీసుకొని, సంవర్గమానాల పద్ధతిలో లెక్కించే ఈ కొలతలో 10 డెసిబెళ్లు పెరిగితే ధ్వని తీవ్రత 10 రెట్లయినట్లు. అందుకే తిరునాళ్లలో ఒక మైకుసెట్టు పక్కన అంతే బలమైన మరొకటి మోగినా, అంకె సుమారు 3 మాత్రమే పెరుగుతుంది.

చాలాకాలం ప్రత్యేక పరికరానికే పరిమితమైన ఈ కొలత పని కంప్యూటరుకు చేరడంలో, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1986లో మెకింతోష్ కంప్యూటరు కోసం విడుదల చేసిన ల్యాబ్‌వ్యూ అనే ప్రోగ్రామింగ్ సాధనం ముఖ్యమైన మజిలీ. ఇందులో ప్రోగ్రాంను వాక్యాలుగా రాయరు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గడి పెట్టి, వాటిని తీగల బొమ్మలతో కలుపుతారు. కాలువ నీరు తూము దాటాకే పొలానికి పారినట్లు, కావలసిన విలువలన్నీ అందాకే గడి పనిచేస్తుంది. ధ్వనిని కొలిచేటప్పుడు మైక్రోఫోను పంపిన విద్యుత్తును సౌండ్‌కార్డు సెకనుకు, ఉదాహరణకు, 44,100 సార్లు నమూనా తీసి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల వర్గాల సగటుకు వర్గమూలం కట్టి, సంవర్గమానం తీసి 20తో గుణిస్తే తెర మీది ముల్లు కదులుతుంది.

అయితే ఆ ముల్లు చూపేది అప్పటికింకా సాపేక్షమైన అంకె మాత్రమే. 94 డెసిబెళ్ల నిర్ణీత ధ్వనిని వెలువరించే కాలిబ్రేటర్‌ను, అంటే కొలతను సరిచూసే పరికరాన్ని, మైక్రోఫోనుకు తొడిగి, తేడాను ప్రోగ్రాంలో సవరించాలి. చిన్న ధ్వనిని పెంచి పెద్దదాన్ని తగ్గించే స్వయంచాలక సదుపాయం కంప్యూటరులో ఉంటే దాన్ని ముందే ఆపాలి.

భారతదేశంలో ఈ అంకెకు చట్టబలం ఇచ్చే 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితిగా విధించాయి. బహిరంగ స్థలంలో మైకుసెట్టు వాడినప్పుడు కొలవవలసింది దాని మూతి దగ్గర గాక ఆ స్థలం సరిహద్దు దగ్గరని కూడా అవి నిర్దేశించాయి. ఎక్కడ నిలబడి కొలిచారో చెప్పని డెసిబెల్ అంకె అసంపూర్ణం. కూతవేటు దూరం అన్న పాత మాటలో ఆ చోటు మొదటినుంచీ ఉంది.