ఒకే పెట్టె, ఒకే ఆయిలు



ఇంజను ఆయిలు మార్చడం మనకు కొత్త సంగతి కాదు. డబ్బా చూడగానే ఇది ఫలానా బండికి పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పగలిగేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా నలుగురుంటారు. అదే ట్రాక్టరు సీటు కింద, వెనక చక్రాల మధ్య ఉన్న పెద్ద ఇనుప పెట్టెలో ఏ ఆయిలుంది, ఎప్పుడు పోశారు అని అడిగి చూడండి. "గేరు ఆయిలేనండీ, కొన్నప్పుడు పోసిందే" అంటారు. ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. రెండింటికీ వెనక ఒక చరిత్ర ఉంది. ఈ పూట ఆ చరిత్ర చెప్పుకుందాం.

కథ ఐర్లండులో మొదలవుతుంది. 1917వ సంవత్సరం, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. తిండిగింజలకు కరువొచ్చి, ట్రాక్టర్లతో సేద్యం పెంచాలని అక్కడి వ్యవసాయ బోర్డు తలపెట్టింది. ఆ ట్రాక్టర్లు సరిగా పనిచేసేలా చూడమని హ్యారీ ఫెర్గూసన్ అనే మెకానిక్కును నియమించింది. ఈయన రైతు కొడుకు. 1909లోనే తన చేతులతో విమానం కట్టి ఎగిరిన మొండిమనిషి.

అప్పట్లో నాగలిని ట్రాక్టరు వెనక తగిలించి ఈడ్చేవారు, మనం ఎడ్లకు కట్టినట్టే. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే వెనక చక్రాలు ఆగేవి కావు. ముందు భాగం గాల్లోకి లేచి బండి తోలేవాడి మీదే పడేది. ప్రాణాలు పోయేవి. ఫెర్గూసన్ పట్టుకున్నది ఈ చిక్కునే. నాగలిని, హోసూరు వైపు శ్రోతలు మడక అంటారు, మూడు చోట్ల బిగించి ట్రాక్టరులో భాగం చేశాడు. అలా బిగిస్తే నేల గట్టిగా పట్టినకొద్దీ ట్రాక్టరు ముందు భాగం నేలకు అదుముకుంటుంది. మట్టి మరీ బిగుసుకుంటే నాగలిని తనంతట తాను కాస్త పైకి లేపే హైడ్రాలిక్ ఏర్పాటునూ కనిపెట్టాడు. దానికి 1926లో పేటెంటు వచ్చింది. మన ట్రాక్టర్ల మీద డ్రాఫ్టు లీవరు అని ఒకటుంటుంది చూడండి, అది ఆయన చలవే.

1938లో ఆయన అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకు దీన్ని దున్ని చూపించాడు. కాగితం లేదు, సంతకం లేదు, చేయీ చేయీ కలిపి ఒప్పందం కుదుర్చుకున్నారు. 1939లో ఫోర్డ్-ఫెర్గూసన్ ట్రాక్టరు వచ్చింది. తర్వాత ఫోర్డు మనవడి హయాంలో ఆ ఒప్పందం తెగింది. 1948లో కోర్టుకెక్కిన దావా 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ అయింది. ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో ఫెర్గూసన్ పేరుతోనే చిన్న ట్రాక్టర్లు తయారయ్యాయి. పదేళ్ళలో 5 లక్షలకు పైగా బయటికొచ్చాయి.

మనకు కావలసిన సంగతి ఆ బండి కడుపులో ఉంది. లిఫ్టును నడిపే పంపును ఫెర్గూసన్ బయట వేలాడదీయలేదు. గేర్లున్న పెట్టెలోనే, ఆ ఆయిల్లోనే ముంచిపెట్టాడు. వేరే ట్యాంకు లేదు, వేరే గొట్టాలు లేవు. గేర్లకు పోసిన చిక్కటి ఆయిలే లిఫ్టునూ లేపింది. బండి తేలికైంది, చవకైంది. కానీ ఆనాటి నుంచి గేరు పళ్ళు అరిగిన ఇనుప పొడి లిఫ్టు పంపులోకి పోయే దారి కూడా ఏర్పడింది. జల్లెడలూ ఫిల్టర్లూ కాచేది ఆ దారినే.

1953లో ఫెర్గూసన్ వ్యాపారం కెనడాలోని మాసీ-హ్యారిస్ కంపెనీతో కలిసింది. ఆ మాసీ ఫెర్గూసన్‌తో చేయి కలిపి మద్రాసులో 1960లో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్, అంటే టాఫే, మొదలైంది. ఐర్లండు పెట్టె మన పొలాల్లోకి అలా వచ్చింది. దాంతోపాటే "వెనక్కి తొంభై నంబరు ఆయిలు చాలు" అనే మాట మెకానిక్కుల నోట స్థిరపడిపోయింది. పాతకాలపు బండికి ఆ మాట చెల్లింది.

ఆ తర్వాత పెట్టెలో పనులు పెరిగాయి. 1960ల నాటికి అమెరికా ట్రాక్టర్లలో బ్రేకులు కూడా ఆయిల్లో మునిగాయి. మనం ఆయిల్ బ్రేకులంటామే, అవి. ఇక్కడొక తిరకాసుంది. గేరు పళ్ళకు జారుడు కావాలి, బ్రేకు ప్లేట్లకు పట్టు కావాలి. రెండూ ఒకే ఆయిలు ఇవ్వాలి. జాన్ డీర్ కంపెనీ తన ట్రాక్టర్లకు 303 అనే ఆయిలు తెచ్చింది. అందులో పడే ముఖ్యమైన దినుసు ఏమిటో చెబితే ఆశ్చర్యపోతారు. స్పెర్మ్ తిమింగలం నూనె. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. నూనె దిగుమతి ఆగిపోయింది. కంపెనీ రసాయనాలతో కొత్త ఆయిలు చేసుకుని, పాత 303ను వదిలేసింది.

కంపెనీ వదిలేసింది గాని అంగళ్ళు వదల్లేదు. 303 పేరుతో ఎవరెవరో చవక ఆయిలు డబ్బాలకెత్తి నలభై ఏళ్ళు అమ్మారు. ఆ పేరుకు చెల్లే ప్రమాణమేదీ అప్పటికి మిగల్లేదు. చివరికి 2017లో మిస్సోరీ రాష్ట్రం ఆ పేరుతో ఆయిలు అమ్మకాన్నే నిషేధించింది. రైతులు కోర్టులకు వెళ్ళారు. డబ్బా మీద "అన్ని ట్రాక్టర్లకూ" అని కనబడితే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

అమెరికా దాకా ఎందుకు? మా పెద్దనాన్నగారి అబ్బాయికి ఒక మినీ ట్రాక్టరుంది. రోడ్డు పక్క అంగట్లో పేరులేని డ్రమ్ములోంచి ఆయిలు పట్టించి పోశాడు. లిఫ్టు బాగానే లేచింది, గేర్లూ పడ్డాయి. వారం తర్వాత చెరువు కట్ట దిగుతుంటే బ్రేకు గరగరలాడింది తప్ప పట్టలేదు. తుమ్మచెట్టు అడ్డొచ్చి మనిషి దక్కాడు. "ఆయిలుకూ బ్రేకుకూ ఏమిటిరా సంబంధం?" అని ఇంకా నన్నే అడుగుతాడు. అన్నా, ఈ ప్రసంగం నీకే.

మినీ ట్రాక్టర్ల సంగతి వేరే చెప్పాలి. ఇవి జపాను చిన్న మళ్ళ కోసం పుట్టినవి. కుబోటా కంపెనీ 1960లో అక్కడ సేద్యపు ట్రాక్టరు తెచ్చింది. మన పక్కనే బెంగళూరులో వి.ఎస్.టి. సంస్థ 1967లో మిత్సుబిషీ సహకారంతో మొదలై, ముందు పవర్ టిల్లర్లు, ఆనక చిన్న ట్రాక్టర్లు చేసింది. ఈ చిన్న బండ్లలో చాలావాటికి గేర్లు, లిఫ్టు, ఆయిల్ బ్రేకులు, కొన్నింటికి పవర్ స్టీరింగు కూడా ఆ ఒక్క ఆయిలు మీదే ఆధారం. పెట్టె చిన్నది, పనులు పెద్దవి. అందుకే బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ ప్రమాణం రాశారో అదే పోయాలి. చిక్కదనం ఒకటే అయితే చాలదు. చాలా బండ్లకు తొలి మార్పు 50 గంటలకే రాసుంటుంది. కొత్త గేర్లు ఒరుసుకుని రాల్చే పొడి అప్పుడే ఎక్కువ గనుక. "కొన్నప్పుడు పోసిందే" అన్న మాటలో రెండో పొరపాటు ఇదే.

ఇక పని. బండిని కాసేపు నడిపి, ఆయిలు గోరువెచ్చగా ఉండగా సమనేల మీద నిలపండి. లిఫ్టు పూర్తిగా దించి, ఇంజను ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. లేపిన కల్టివేటరు కింద తలపెట్టి చేసే పని కాదిది. డ్రెయిన్ బోల్టులు ఒకటికి మించి ఉంటాయి, అన్నీ విప్పితేగాని పాతది పూర్తిగా దిగదు. దిగే ఆయిలును చూడండి. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్ళు చేరాయన్నమాట. యానాం, గంజాం వైపు దమ్ము చేసే బండ్లకు ఇది మామూలే. దమ్ము సీజను కాగానే ఒకసారి చూసుకోవాలి. అయస్కాంతం బోల్టుకు నల్లటి ముద్ద అంటితే భయం లేదు. పలుకులు దొరికితే మాత్రం ఆయిలు పోయడం ఆపి మెకానిక్కును పిలవండి.

జల్లెడ ఉంటే డీజిల్లో కడిగి ఆరబెట్టండి. కాగితం ఫిల్టరు కడిగి వాడేది కాదు, మార్చాల్సిందే. కొత్తదాని రబ్బరు రింగుకు కాస్త ఆయిలు రాసి చేత్తోనే బిగించండి. పుస్తకంలో చెప్పిన కొలత పోసి, ఇంజను తిప్పి, లిఫ్టును నాలుగైదు సార్లు లేపి దించండి. ఫిల్టరులోకి ఆయిలు వెళ్ళి మట్టం తగ్గుతుంది. లిఫ్టు దించి, ఇంజను ఆపి, పుల్ల మళ్ళీ చూసి తక్కువైనంత కలపండి. ఎక్కడైనా కారుతోందా అని వెతకడానికి అట్టముక్క వాడండి, చేయి పెట్టొద్దు. ఒత్తిడి మీదున్న ఆయిలు సన్నటి రంధ్రంలోంచి చర్మాన్ని చీల్చుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనబడినా అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం.

దించిన పాత ఆయిలు కాలవలో పారబోయకండి, డబ్బాకెత్తి పాత ఆయిలు కొనేవాళ్ళకు ఇవ్వండి. మార్చిన తేదీ, మీటరులో గంటలు, ఆయిలు పేరు మడ్‌గార్డు లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టుకోండి.