కేజీఎఫ్: కరెంటు 1902లో వచ్చింది, మరుగుదొడ్డికి నీళ్లు రాలేదు

కార్మిక నగరాల గురించి రాస్తున్న ఈ వరుసలో ఈసారి కోలార్ బంగారు గనులు, అంటే కేజీఎఫ్.

పేరు వినగానే హాస్టల్ పిల్లలకు రాఖీ భాయ్ గుర్తొస్తాడు. 2018లోనూ 2022లోనూ ఆ సినిమాలకు మన థియేటర్లు ఊగిపోయాయి. చూడండి, ఈల వేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ కథలో గని కూలీలు మూగజీవాల్లా పడి ఉంటారు. బయటి నుంచి ఒక మొనగాడు వచ్చి సుత్తి పట్టి విడిపిస్తాడు. అసలు కేజీఎఫ్‌కు అలాంటివాడు ఎవడూ రాలేదు. అక్కడి దళితులు వాళ్లే చదువుకున్నారు, వాళ్లే పత్రిక పెట్టుకున్నారు, వాళ్లే పని ఆపారు, వాళ్లే ఓటేసి తమవాళ్లను అసెంబ్లీకి పంపారు. ఈ సంగతి సినిమాకు పనికిరాదు. మనకు పనికొస్తుంది.

బెంగళూరుకు తూర్పున వంద కిలోమీటర్ల దూరంలో, మన కుప్పం, వి.కోట పక్కనే ఉంటుంది ఈ ఊరు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం... ఇలా గనుల చుట్టూ పుట్టిన పేటలన్నీ కలిస్తే కేజీఎఫ్. టూరిజం వాళ్ల రాతల్లో దీని పేరు 'లిటిల్ ఇంగ్లండ్'. చల్లటి గాలి, దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. ఆ బంగళాలు నేను కూడా చూశాను, బాగానే ఉన్నాయి. బంగళాల సంఖ్య కంటే కూలి లైన్ల సంఖ్య ఎన్ని రెట్లు ఎక్కువో మాత్రం ఆ రాతల్లో ఉండదు.

బంగారం దొరలు కనిపెట్టింది కాదు. 1802లో జాన్ వారెన్ అనే బ్రిటిష్ లెఫ్టినెంట్ మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చాడు. మారికుప్పం దగ్గర అప్పటికే పరయ కులస్థులు గుంతల్లోకి దిగి రాయి తీస్తున్నారు. ఆడవాళ్లు ఆ రాయిని దంచి, కడిగి బంగారు రజను వేరు చేస్తున్నారు. వారెన్ చేసింది చూసి రాసుకోవడమే. తర్వాత 1873లో లావెల్ అనే రిటైర్డ్ సైనికుడు మైసూరు ప్రభుత్వాన్ని తవ్వకం హక్కు అడిగాడు. అతని చేతిలోంచి అది కంపెనీల చేతిలోకి పోయింది. 1880 నుంచి లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ పెత్తనం. 1880ల మధ్యకల్లా అసలైన బంగారు పొర తగిలింది. మైసూర్, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ అని నాలుగు పెద్ద గనులు నిలబడ్డాయి.

మరి దిగేదెవరు? చుట్టుపక్కల ఊళ్ల భూమి ఉన్న కులాలు పాతాళానికి దిగలేదు. వాళ్లకు ఆ అవసరం లేదు. దిగింది ఉత్తర ఆర్కాటు దళితులు. ఇక్కడ మన పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఉత్తర ఆర్కాటు అంటే పూర్తిగా తమిళనాడు అనుకోకండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాకు ముఖ్యపట్నం చిత్తూరే. 1876-78 కరువులో ఎముకలగూళ్లైన జనం, భూస్వామి అప్పుకు కట్టుబడిపోయిన జనం, ఊరి బావి ముట్టుకోనివ్వని జనం మూటాముల్లె కట్టుకుని కొండలు దాటారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లతోపాటు తెలుగువాళ్లు. మేస్త్రీలు వాళ్లను పట్టుకొచ్చి, కూలిలో తమ వాటా తాము కోసుకున్నారు.

వెలివాడ వదిలి గనికి పోవడం విముక్తా, కొత్త జైలా? దీని మీద మన మీటింగుల్లో చాలాసార్లు వాదన అయింది. నా మట్టుకు నాకు రెండూ నిజమే. గనిలో చావు పొంచి ఉండేది. మూడు కిలోమీటర్లకు పైగా లోతు, ఒళ్లు కాలిపోయే రాతి వేడి, ఉన్నట్టుండి బాంబులా పేలిపోయే బండలు. కానీ అక్కడ నెల తిరిగితే డబ్బు రూపంలో కూలి వచ్చేది. గింజలు విసిరి కొట్టే దొర లేడు. ఆ కూలి డబ్బుతోనే పుస్తకం కొన్నారు, పలక కొన్నారు. కులం మాత్రం గనిలోనూ పోలేదు. అది మెట్లుగా మారింది. పైన ఇంగ్లీషు ఇంజనీర్లు, కార్నిష్ మేనేజర్లు, వాళ్ల కింద ఇటాలియన్లు, ఆంగ్లో ఇండియన్లు, కాపలాకు పంజాబీలు. అన్నిటికంటే అడుగున దళితులు. వాళ్లకు వెదురు తడికెల గుడిసెల లైన్లు, తర్వాత ఒకే గది ఇళ్ల లైన్లు.

ఊపిరితిత్తుల సంగతి విడిగా చెప్పాలి. రాయి తొలిస్తే లేచే దుమ్ము లోపలికి పోయి ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడతాయి. అదే సిలికోసిస్. 1940లలో కాప్లాన్, బర్డెన్ అనే ఇద్దరు 7,653 మంది కార్మికుల్ని పరీక్షించారు. దాదాపు 44 శాతం మందికి ఆ జబ్బు తేలింది. తవ్వకం మొదలై అప్పటికి అరవై ఏళ్లు. అంతకుముందు దగ్గి దగ్గి చచ్చిపోయినవాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు.

ఇక ఆ జనం ఏం చేశారో చూడండి. అయోతీదాస్ పండితర్ 1898లో మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. దాని బలమైన శాఖలు లేచింది మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ కూలి లైన్లలోనే. 1907లో ఆయన మొదలుపెట్టిన వారపత్రిక 'తమిళన్' పాఠకుల్లో గని కార్మికులు ముందు వరుసలో ఉన్నారు. ఆయన 1914లో పోయాక, 1920లలో ఆ పత్రిక కేజీఎఫ్ నుంచే మళ్లీ వెలువడింది. సంపాదకుడు అప్పాదురైయార్. సిద్ధార్థ పుస్తకశాల అనే ప్రచురణ సంస్థ కూడా అక్కడే నడిచింది. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956లో. దానికి యాభై ఏళ్ల ముందే పగలంతా పాతాళంలో రాయి తొలిచి వచ్చిన మనుషులు సాయంత్రం దీపం పెట్టుకుని బుద్ధుడి గురించి చర్చించారు. మన యూనివర్సిటీల్లో దళిత ఉద్యమ చరిత్ర మీద సెమినార్ పెడితే ఈ అధ్యాయం ఎందుకో కనపడదు. 1954లో అంబేడ్కర్ స్వయంగా కేజీఎఫ్ వచ్చారు. ఆయన వచ్చేసరికి ఆ నేల దున్ని ఉంది.

1930లో కంపెనీ కార్మికులందరి వేలిముద్రలు తీసుకుంటానంది. బంగారం దొంగతనం ఆపడానికట. అంటే పుట్టుకతోనే దొంగలని ముద్ర. వేలమంది పని ఆపేశారు. గుర్తింపు పొందిన యూనియన్ లేదు, పేరున్న నాయకుడు లేడు. అయినా దాదాపు మూడు వారాలు గనులు స్తంభించాయి. కూలి పెంచమని చేసిన సమ్మె కాదు, మేం దొంగలం కాదని చేసిన సమ్మె. నాకైతే కేజీఎఫ్ చరిత్ర మొత్తంలో ఇదే పెద్ద ఘట్టం. 1946 నవంబరులో పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. కమ్యూనిస్టులు, అంబేడ్కరిస్టులు ఇద్దరూ అక్కడ బలంగా ఉన్నారు, కొట్లాడుకున్నారు, కలిసి జెండాలూ మోశారు. సి.ఎం. ఆర్ముగం, తర్వాత ఎస్. రాజేంద్రన్ రిపబ్లికన్ పార్టీ తరఫున ఇక్కడి నుంచే అసెంబ్లీకి వెళ్లారు. దక్షిణాదిలో ఏనుగు గుర్తు పార్టీ గెలిచిన చోట్లు ఎన్నో మీకు తెలుసు కదా, వేళ్ల మీద లెక్కపెట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

1902లో శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, సుమారు 147 కిలోమీటర్లు తీగ లాగి కేజీఎఫ్‌కు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. రైలు 1894లోనే వచ్చింది. బేతమంగళ చెరువు నుంచి శుద్ధి చేసిన నీళ్లు తెచ్చారు. ఆసియాలోనే ముందు, దేశంలోనే ముందు అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అదే ఊళ్లో లైన్ల జనానికి కట్టిన మరుగుదొడ్లలో నీళ్లు లేవు. పొడి దొడ్లు. ఆ మలాన్ని రోజూ చేతులతో ఎత్తి, బకెట్లలో నింపి, మోసుకుపోయి పారబోయాలి. ఆ పాకీ పని చేసింది ఎక్కువగా తెలుగు దళితులు. మనవాళ్లు.

బెజవాడ విల్సన్ 1966లో ఆ ఇళ్లలోనే పుట్టారు. తండ్రిది 1930ల నుంచి ఆ పనే, అన్నదీ ఆ పనే. చిన్నప్పుడు అమ్మానాన్నలు ఏం పని చేస్తారో పిల్లాడికి చెప్పలేదు. ఆంధ్రలో ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. పెద్దయ్యాక పని జరిగేచోటికి వెళ్లి చూస్తే, గుంటలో పడిపోయిన బకెట్‌ను ఒకాయన మోచేతి దాకా చేయి పెట్టి తీస్తున్నాడు. అక్కడే కూర్చుని ఏడ్చానని విల్సన్ చాలాసార్లు చెప్పారు. 1980ల మధ్య నుంచి అధికారులకు ఉత్తరాలు రాశారు. బదులు లేదు. 1993లో పాకీ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. గనులు అప్పటికి ప్రభుత్వానివి, 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ అనే కేంద్ర సంస్థవి. అయినా దొడ్లు మారలేదు. ఫొటోలు తీశారు, పత్రికల్లో వచ్చాయి, పార్లమెంటులో గొడవైంది. అప్పుడు కదిలి వాటిని నీళ్ల మరుగుదొడ్లుగా మార్చారు.

లెక్క వేసుకోండి. కరెంటుకూ మరుగుదొడ్డి నీళ్లకూ మధ్య తొంభై ఏళ్లు. దొరలు పోయారు, 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకుంది, తర్వాత కేంద్రం తీసుకుంది. యజమాని మూడుసార్లు మారినా ఆ బకెట్ ఎత్తే చేయి మారలేదు. ఇంకో చేదు మాట కూడా అనుకోవాలి. బుద్ధుణ్ణి చదివిన లైన్లలోనే, ఎర్రజెండా ఎగిరిన లైన్లలోనే ఈ పని జరిగింది. గని కార్మికుడి కూలి మీద, సిలికోసిస్ పరిహారం మీద తీర్మానాలు నడిచాయి, దొడ్డి కడిగేవాడి సంగతి చాలాకాలం ఎజెండాలోకి రాలేదు. మనలోపలి మెట్ల గురించి మాట్లాడితే ఐక్యత చెడుతుందనే మిత్రులు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

విల్సన్, ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ లాంటివాళ్లతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నిర్మించారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని. 2016లో ఆయనకు మెగసెసే వచ్చింది. ఈలోగా 2011లో పీయూసీఎల్ బృందం కేజీఎఫ్ వెళ్తే అక్కడ పాకీ పని ఇంకా కనిపించింది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నష్టాలన్నారు. 120 ఏళ్లలో 800 టన్నుల బంగారం ఇచ్చిన ఊరు. కేంద్రం చాలాకాలం ఆ బంగారాన్ని బజారు ధరకు కాకుండా, అంతకు చాలా తక్కువైన అంతర్జాతీయ అధికారిక ధరకు తీసుకుంది. తర్వాత నష్టం అని లెక్క రాసింది. మారికుప్పం నుంచి తెల్లవారుజామున కదిలే రైలు ఇప్పుడు మనుషులతో కిక్కిరిసి బెంగళూరు పోతుంది. నేను ఎక్కినప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లలో ఒకరు సెక్యూరిటీ గార్డు, ఒకరు మాల్‌లో హౌస్‌కీపింగ్, ఒకరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్. ముగ్గురి తాతలూ గనిలో దిగినవాళ్లే. ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగితే ముగ్గురూ నవ్వారు.

ఊళ్లో మిగిలింది సైనైడ్ గుట్టలు. బంగారం తీసేశాక పారబోసిన రాతిపొడి, 13 గుట్టలు, 3 కోట్ల 30 లక్షల టన్నులు. గాలి కాలంలో ఆ దుమ్ము అన్నంలో పడుతుంది. ఆ పొడిలో ఇంకా కొంత బంగారం ఉంది కాబట్టి దాన్ని మళ్లీ తవ్వడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. గాలి ఎటు వీస్తుందో లైన్లలో ఏ ముసలమ్మను అడిగినా చేయి చాచి చూపిస్తుంది. తవ్వే ముందు ఆమెను అడగాలని కేజీఎఫ్ మిత్రులు పట్టుబడుతున్నారు. ఇళ్ల పట్టాలు ముందు ఇవ్వండి, గుట్టల సంగతి తర్వాత అంటున్నారు.

ఇదే సంస్థ మన దగ్గర చిత్తూరు జిల్లా చిగురుగుంటలోనూ, అప్పటి అనంతపురం జిల్లా రామగిరిలోనూ గనులు నడిపింది. అవి కూడా కేజీఎఫ్‌తోపాటే మూతపడ్డాయి. వచ్చే భాగం రామగిరి మీద. ఆ గనుల్లో పనిచేసిన కుటుంబాల వాళ్లు ఈ పోస్టు చదువుతుంటే ఇన్‌బాక్స్‌లోకి రండి, మాట్లాడుకుందాం.