ఆర్చీ బంకర్ చెంప మీద ముద్దు

హాలీవుడ్‌లోని సీబీఎస్ టెలివిజన్ సిటీలో ఉన్నారు మీరు. వరసలు వరసలుగా వేసిన కుర్చీల్లో ఒకటి మీది. కింద స్టూడియో నేల మీద కేబుళ్లు ఈడ్చుకుంటూ కెమెరాలు అటూ ఇటూ జరుగుతున్నాయి. వాటి అవతల మూడు గోడల ఇల్లు. నాలుగో గోడ ఉండాల్సిన చోట మీరూ, మీతోపాటు వచ్చిన జనమూ.

ఇల్లు న్యూయార్క్ క్వీన్స్‌లో ఉన్నట్టు లెక్క. హౌసర్ స్ట్రీట్, నంబరు 704. గోడలూ, సామానూ అన్నీ గోధుమ ఛాయలోనే ఉన్నాయేమిటా అని చూస్తున్నారు కదా? నిర్మాత నార్మన్ లియర్ ఈ షోను నలుపు తెలుపుల్లో తీద్దామనుకున్నాడు. చానెల్ ఒప్పుకోలేదు. దాంతో సెట్‌కే రంగులు తగ్గించి పాత ఫొటోలా చేయించాడు. ముందుగదిలో టీవీకి ఎదురుగా ఉన్న ఆ సెకండ్‌హ్యాండ్ కుర్చీ ఇంటి యజమానిది. అందులో ఇంకొకరు కూర్చుంటే రభసే.

యజమాని పేరు ఆర్చీ బంకర్. సరుకులు ఎక్కించే డాక్ దగ్గర ఫోర్‌మన్. చేతిఖర్చులకు మన్సన్ అనే మిత్రుడి టాక్సీ కూడా తోలుతుంటాడు. నల్లవాళ్లు, యూదులు, పోర్టోరికోవాళ్లు... ఎవరి పేరెత్తినా ఆయన నోట్లో తీర్పు తయారుగా ఉంటుంది. భార్య ఈడిత్ అమాయకురాలు. కూతురు గ్లోరియా. అల్లుడు మైక్‌ది ఇల్లరికం. చదువు అవలేదు, సంపాదన లేదు. మామ తిండి తింటూనే మామ రాజకీయాల్ని చీల్చి చెండాడతాడు. మామ అతణ్ని పేరుతో పిలవడు, ‘మీట్‌హెడ్’ అంటాడు. 1971 జనవరిలో మొదలైన ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ అంటే వారం వారం ఈ నలుగురి కీచులాటే.

ఇవాళ మాత్రం ఆర్చీ కాలు నేల మీద నిలవడం లేదు. ఆయన టాక్సీ ఎక్కిన ఒక పెద్దమనిషి బ్రీఫ్‌కేసు మరిచిపోయాడు. దానికోసం ఇంటికే వస్తున్నాడు. ఆ వచ్చేది శామీ డేవిస్ జూనియర్.

ఆ పేరుకి ఈ ఇంట్లో ఎంత బరువుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పాటలో, ఆటలో, మిమిక్రీలో తిరుగులేని నల్లజాతి కళాకారుడు. 1954లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. తర్వాత యూదు మతం పుచ్చుకున్నాడు. 1960లో మే బ్రిట్ అనే స్వీడిష్ నటిని పెళ్లాడాడు. అప్పటికింకా అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పెళ్లి చేసుకోవడం నేరం. సుప్రీంకోర్టు ఆ చట్టాల్ని కొట్టేసింది 1967లో. ఆర్చీ ఆడిపోసుకునే వర్గాల్లో రెండు, ఒకే మనిషి రూపంలో ఆ గుమ్మం ఎక్కబోతున్నాయి.

తలుపు తెరుచుకుంది. చప్పట్లు. సన్నగా, పొట్టిగా ఉన్న ఆ మనిషిని ఆర్చీ చేతులు నలుపుకుంటూ లోపలికి తీసుకొచ్చాడు. ఇక్కడే ఈ ఎపిసోడ్ తమాషా. ఆర్చీ అతిథిని తూలనాడడు. నెత్తిన పెట్టుకుంటాడు. ఆయన పరువు తీసేది కోపం కాదు, మర్యాదే.

అతిథి రాకముందు ఈడిత్‌కి గట్టిగా చెప్పాడు ఆర్చీ, ఆ గాజుకన్ను ఊసెత్తొద్దని. ఇప్పుడు కాఫీ వచ్చింది. ఆర్చీ అతిథి ముఖంలోకి చూస్తూ పాలూ పంచదారా సంగతి అడగబోయాడు. నోరు జారింది. అవి మీ కంట్లో వేయమంటారా అని అడిగేశాడు.

హాలు గొల్లుమంది. మీ పక్కనావిడ చేతిలో కాగితంతో ముఖం కప్పుకుంది. ఇప్పుడు శామీ డేవిస్‌ని చూడండి. ఉలిక్కిపడలేదు, కోపగించలేదు. నవ్వు సద్దుమణిగేదాకా అలా కూర్చున్నాడు, అంతే.

ఆర్చీకి ధైర్యం పెరిగింది. నల్లవాడిగా పుట్టడం మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను, కానీ కోరి కోరి యూదుల్లో కలవడమేమిటని ఆరా తీశాడు. ఆ గొంతులో ద్వేషం కోసం వెతికితే దొరకదు. జాలి ఉంది. ఆ జాలే భయంకరం. వెనక గ్లోరియా, మైక్ సిగ్గుతో చచ్చిపోతున్నారు.

తర్వాత దేవుడి దాకా వెళ్లాడు. అందరూ కలిసి బతకాలని దేవుడికి ఉంటే ఒకచోటే పుట్టించేవాడు కదా, మిమ్మల్ని ఆఫ్రికాలోనూ మమ్మల్ని తెల్లదేశాల్లోనూ ఎందుకు పెట్టాడని లాజిక్ తీశాడు. శామీ తాపీగా జవాబిచ్చాడు: మేమెక్కడున్నామో ఆయన మీవాళ్లకి చెప్పే ఉంటాడు, ఎవరో వచ్చి మమ్మల్ని పట్టుకొచ్చారు మరి. మీ నవ్వు గొంతులో ఒక్క క్షణం ఆగింది. శతాబ్దాల బానిస వ్యాపారం ఒక్క వాక్యంలో, కాఫీ కప్పుల మధ్యన. ఆర్చీకి మాత్రం అది తగల్లేదు.

కూతురూ అల్లుడూ ఇక ఊరుకోలేకపోయారు. ఈయనకి జాతి పిచ్చి అని అతిథి ఎదుటే దులిపేశారు. ఆర్చీ నొచ్చుకుని శామీనే తీర్పరిగా నిలబెట్టాడు. శామీ లేచి చాలా గంభీరంగా సర్టిఫికెట్ ఇచ్చాడు. జాతి పిచ్చి ఉన్నవాడు తాను అందరికన్నా గొప్ప అనుకుంటూ తిరుగుతాడు, మీతో ఇంతసేపు గడిపాక నాకు బాగా తెలిసింది, మీరు ఎవరికన్నా గొప్పవారు కారు అన్నాడు. ఆర్చీ ముఖం వెలిగిపోయింది. ఆ మాట మీద చెయ్యి కలపమన్నాడు!

పక్కింటి కుర్రాడు లయొనెల్ నల్లవాడు, ఆర్చీని ఆడించడంలో దిట్ట. అతను శామీ దగ్గర మెల్లిగా ఆర్చీని వెనకేసుకొచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నల్లవాళ్లని బెదిరించడానికి మీ పెరట్లో సిలువ తగలబెట్టే రకం కాదన్నాడు. శామీ ఒప్పుకున్నాడు. కాకపోతే ఎవరైనా తగలబెట్టింది కనిపిస్తే ఆ మంట మీద ఏ మార్ష్‌మెల్లోనో కాల్చుకుంటాడని చేర్చాడు. ఆర్చీ లాంటి కోట్లాది మందిని అంత క్లుప్తంగా ఎవరూ వర్ణించలేదు. చెడ్డపని చేయడు. జరుగుతుంటే ఆపడు. వీలైతే చలి కాచుకుంటాడు.

బ్రీఫ్‌కేసు చేతికొచ్చింది, వెళ్లే వేళ అయింది. అక్కడే ఉన్న మన్సన్ దగ్గర కెమెరా ఉంది. గుర్తుగా ఒక ఫొటో! ఆర్చీ, శామీ పక్కపక్కన నిలబడ్డారు. ఆర్చీ బిగదీసుకుని కెమెరాలోకి చూస్తున్నాడు. మన్సన్ లెక్కపెట్టాడు. ఫ్లాష్ వెలిగే క్షణానికి శామీ డేవిస్ పక్కకి తిరిగి ఆర్చీ చెంప మీద ముద్దు పెట్టాడు.

హాలు పేలిపోయింది. మీరు లేచి నిలబడ్డారేమో మీకే తెలియదు. నటుడు కరోల్ ఓకానర్ ఆ ముఖాన్ని అలాగే పట్టుకుని నిలుచున్నాడు: కళ్లు గుండ్రంగా, మెడ బిగుసుకుని, తుడుచుకోవాలో వద్దో తేలక. నవ్వు ఒక అల తగ్గి మరో అల లేస్తోంది. ప్రసారానికి ఆ నవ్వుని కత్తిరించాల్సి వచ్చిందని చెబుతారు.

1972 ఫిబ్రవరి 19, శనివారం రాత్రి దేశమంతా దీన్ని చూసింది. రాసిన బిల్ డానాకు, నటించినవాళ్లకు పేరొచ్చింది. దర్శకుడు జాన్ రిచ్‌కి ఎమ్మీ అవార్డు వచ్చింది. రెండేళ్ల తర్వాత, 1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రొకీచ్ అనే పరిశోధకులు ఈ షో ప్రేక్షకుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. జాతి విద్వేషం ఎక్కువున్నవాళ్లు ఆర్చీని మెచ్చుకుంటున్నారనీ, వాదాల్లో గెలుస్తున్నది అతనేనని అనుకుంటున్నారనీ అందులో తేలింది. లియర్ రాయించిన చురకల్ని చాలా ఇళ్లలో సర్టిఫికెట్లుగా స్వీకరించారన్నమాట, ఆర్చీ స్వీకరించినట్టే.

అందుకే ఆ ముద్దు అవసరమైంది. అరగంటసేపు అతిథి విసిరిన ప్రతి మాటనీ ఆర్చీ తనకి అనుకూలంగా మార్చుకున్నాడు. వెటకారాన్ని పొగడ్తగా విన్నాడు. చరిత్రని కబుర్లుగా విన్నాడు. వాదించే అల్లుడు ఏళ్లతరబడి సాధించలేనిది అతిథి మాటలతోనూ కాలేదు. చెంప మీద ముద్దు దగ్గర మాత్రం ఆర్చీకి దారి లేకపోయింది. దాన్ని ఇంకోలా అర్థం చేసుకోవడం కుదరదు. పైగా ఫొటో కూడా పడిపోయింది.