విమాన దూరము - భూమి కొలత

అనకాపల్లి జిల్లాలో తాండవనది యొడ్డుననున్న పాయకరావుపేటయు, హైదరాబాదు నగరమును ఇంచుమించు ఒకే అక్షాంశమున, అనగా 17 డిగ్రీల 22 నిమిషముల ప్రాంతమున ఉన్నవి. వాని నడుమ దూరము సూటిగా సుమారు 430 కిలోమీటర్లు. అక్షాంశరేఖ వెంబడి పోయినను, అన్నిటికంటె దగ్గరిదారిని పోయినను పది మీటర్ల భేదమైనను ఉండదు. ఇంత కొద్ది దూరమునకు భూమి బల్లపరుపుగా నున్నదనుకొన్నను చిక్కులేదు.

దూరము పెరిగినకొలది ఈ ఊహ చెల్లదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాదునుండి అమెరికాలోని చికాగోకు నడుమ ఎక్కడను ఆగని విమానమును ప్రారంభించినది. బడిగోడకు వ్రేలాడు మెర్కేటర్ పటముపై ఈ రెండు నగరములను రూళ్ళకఱ్ఱతో కలిపినచో గీత పడమరగా పోవును. దిక్సూచిపై దిశ మార్పక ఆ గీత ప్రకారము పోయిన దూరము సుమారు 16,100 కిలోమీటర్లు. విద్యార్థులు గ్లోబుపై అవే నగరముల నడుమ ఒక దారమును బిగించి చూడవచ్చును. అది ఉత్తరమునకు వంగి, 79వ అక్షాంశమువరకు పోయి, మరల దిగును. ఆ దారి పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు మాత్రమే. 2,800 కిలోమీటర్లకు కావలసిన ఇంధనము మిగిలినట్లే. గాలిని, వాతావరణమును, దేశముల అనుమతులను బట్టి విమానము నిజముగా ఎగురు దారి కొంత మారుచుండును.

దారము చూపినది మహావృత్తములోని భాగము. భూమిని కేంద్రముగుండ రెండుగా కోసినచో అంచున ఏర్పడునదే మహావృత్తము. భూకేంద్రమువద్ద ఈ నగరముల నడుమ కోణము సుమారు 119½ డిగ్రీలు. అక్షాంశ రేఖాంశములనుండి దీనిని గణింపవచ్చును. కాని డిగ్రీలను కిలోమీటర్లుగా మార్చుటకు ఒక డిగ్రీ పొడవెంతయో నేలపై కొలువవలసినదే.

క్రీ. పూ. 3వ శతాబ్దిలో ఎరటోస్తనీసు నీడల సాయమున భూమి చుట్టుకొలతను గణించెను. భూమి ధ్రువములవద్ద కొంచెము అణగియున్నదనియు, డిగ్రీ పొడవు అంతట ఒక్కటి కాదనియు తరువాత తేలినది. అందుచే భూమధ్యరేఖకు చేరువ దేశములలోను కొలతలు అవసరమైనవి. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసువద్ద సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచెను. అర టన్ను బరువుగల థియొడలైటుతో కోణములు చూచుచు, త్రిభుజము ప్రక్కన త్రిభుజమును చేర్చుచు, అతడు కన్యాకుమారి ప్రాంతమునుండి బీదరు సమీపమువరకు సుమారు 10 డిగ్రీల చాపమును కొలిచెను. 1823లో ఆ పనిమీదనుండగనే హింగన్‌ఘాట్‌లో మరణించెను. అతని సహాయకుడు జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవులలో విషజ్వరము పాలై, 1820లో ఆరోగ్యముకొరకు దక్షిణాఫ్రికా వెళ్ళవలసివచ్చెను. తిరిగివచ్చి పని సాగించెను.

1830లో ఎవరెస్టు తేల్చిన లెక్క ప్రకారము భూమధ్యరేఖవద్ద భూమి వ్యాసార్ధము 6,377.276 కిలోమీటర్లు. ఉపగ్రహముల కాలములో స్థిరపడిన విలువ 6,378.137 కిలోమీటర్లు. తేడా 861 మీటర్లు. దీనివలన హైదరాబాదు చికాగోల దూరము రెండు కిలోమీటర్లైనను మారదు. ఈ లెక్క వెనుక గణితముతోపాటు, అడవులలో జెండాలు పట్టినవారి, పరికరములు మోసినవారి శ్రమయు కలదు.